అద్దాలు పోతాయి, సైటు పోదు

హసన్‌పర్తి చదువుల మండలం. అనంతసాగర్‌లో ఎస్‌ఆర్ యూనివర్సిటీ, హనుమకొండ వైపు వెళ్తే కాకతీయ విశ్వవిద్యాలయం, కాజీపేట దారిలో ఎన్‌ఐటీ. ఇంతమంది పాతికేళ్ల లోపు వాళ్లు చేరినచోట సోడాబుడ్డి అద్దాలకు కొదవుండదు. మైనస్ పది ఉన్నవాళ్లకు లేసిక్ కుదరదు పొమ్మన్న కంటి డాక్టర్లే ఇప్పుడు ఐసీఎల్ మాట ఎత్తుతున్నారు. కంటి లోపలే కటకం అమర్చే ఆపరేషన్ అది. ఆపరేషన్ మంచిదే, దాని మీద జనం పెట్టుకున్న ఆశే గురి తప్పింది. పోయేది అద్దాలు మాత్రమే. ఇది తెలియకపోతే, చూపు చక్కగా వచ్చినవాళ్లే ఎక్కువ ఏమరుపాటులో పడతారు.

లేసిక్‌లో కార్నియాను లేజర్‌తో చెక్కుతారు. దాని మందం అర మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ. పవర్ పెరిగేకొద్దీ ఎక్కువ చెక్కాలి, ఒక హద్దు దాటితే మిగిలిన పొర నిలవదు. ఐసీఎల్‌కు ఆ బాధ లేదు. సుమారు మూడు మిల్లీమీటర్ల గాటులోంచి మెత్తటి కటకాన్ని మడిచి పంపి, ఐరిస్ వెనుక, సొంత కటకానికి ముందు విప్పుతారు. మాస్కోలో ఫ్యోదొరోవ్ అనే కంటి వైద్యుడు 1986లోనే ఈ దారి తొక్కాడు. తొలి తరం కటకాలు సొంత కటకానికి తగిలి శుక్లాలు తెచ్చేవి. కంట్లోని నీరు కదలడానికి ఐరిస్‌కు విడిగా రంధ్రాలు పెట్టాల్సి వచ్చేది. ఇప్పటి మోడల్‌కు నట్టనడుమ 0.36 మిల్లీమీటర్ల రంధ్రం ఉంది, నీరు అందులోంచే పారుతుంది. అమెరికా పాత మోడల్‌ను 2005లో, రంధ్రమున్నదాన్ని 2022లో అనుమతించింది. 21 నుంచి 45 ఏళ్ల వాళ్లకు, మైనస్ మూడు నుంచి పదిహేను వరకు సరిచేయడానికి ఆ అనుమతి. వడోదరలో తయారయ్యే ఐపీసీఎల్ అనే మన దేశపు కటకమూ ఉంది.

ఇదంతా సోకు కోసమేనని పెదవి విరిచేవాళ్లున్నారు. మైనస్ పది ఉన్న మనిషికి అద్దాలు తీస్తే పది సెంటీమీటర్ల అవతల ఏదీ స్పష్టంగా ఆనదు. పెట్టుకుంటే లోకం చిన్నదిగా, అంచుల్లో వంకరగా కనిపిస్తుంది. పెళ్లి సంబంధాల దగ్గర వినాల్సిన మాటలు సరేసరి. కాబట్టి సోకు వాదన నిలవదు.

అసలు చిక్కు కంటి పొడవులో ఉంది. మామూలు కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి 24 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటే, ఎక్కువ మైనస్ ఉన్నది 26 దాటి సాగి ఉంటుంది. దాంతోపాటు రెటీనా పలచబడుతుంది, అంచుల్లో చిరగవచ్చు, ఊడిపోనూవచ్చు. కటకం వెలుగును సరైన చోట పడేస్తుందే తప్ప సాగిన కంటిని కుదించదు. అద్దాలున్నన్నాళ్లూ వాటి మీద గీతలు పడటమో పవర్ మారటమో జరిగి, మనిషి ఏదో ఒక వంకన కళ్లు చూపించుకునేవాడు. ఐసీఎల్‌తో ఆ వంక తెగిపోతుంది. పైగా కొత్త కటకానికీ కాపలా కావాలి. దానికీ సొంత కటకానికీ మధ్య పావు నుంచి ముప్పావు మిల్లీమీటరు ఎడం ఉండాలి. తగ్గితే శుక్లం, మరీ పెరిగితే కంటి ఒత్తిడి. వయసుతోపాటు సొంత కటకం మందమెక్కుతుంది గనక ఆ ఎడం మొదటి రోజు కొలిచినట్టే ఉండిపోదు.

నచ్చకపోతే తీసేయొచ్చు కదా అంటారు. తీయొచ్చు. కానీ అది ఇంకో ఆపరేషన్. ఈలోగా కార్నియా లోపలి కణాలు పోతే తిరిగి పుట్టవు, వచ్చిన శుక్లం వెనక్కి పోదు. నలభై దాటాక చదువుకోవడానికి అద్దాలు ఎలాగూ వస్తాయి. కాజీపేట జంక్షన్ పక్కనే ఉన్న ఈ ప్రాంతంలో రైల్వే కొలువు మీద ఆశ పెట్టుకున్నవాళ్లు మరో సంగతి చూసుకోవాలి. అసిస్టెంట్ లోకో పైలట్‌కు అద్దాల్లేకుండా 6/6 చూపు ఉండాలి, దాన్ని ఆపరేషన్‌తో తెచ్చుకుంటే చెల్లదు. లక్ష పోసి చేయించుకున్నాక నోటిఫికేషన్ చదివితే ఏం లాభం?

ఈ కాపలా కోసం ఏటేటా హైదరాబాద్ తిరగడం మావల్ల కాదన్న మాటలో న్యాయముంది. అయితే చుక్కలు వేసి రెటీనా చూడటానికి ఆపరేషన్ చేసిన చోటికే పోనక్కర్లేదు, వరంగల్‌లోనే ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. కళ్లముందు మెరుపులు, ఉన్నట్టుండి నల్లచుక్కల వాన, ఓ పక్కన తెర దిగినట్టు ఉంటే మాత్రం ఆ రోజే వెళ్లాలి. డిశ్చార్జి రోజున కటకం మోడల్, సైజు, పవర్, ఆపరేషన్‌కు ముందు కంటి పొడవు, కణాల లెక్క రాయించుకోవాలి. పాతికేళ్ల తర్వాత శుక్లం తీసే డాక్టరు ముందు ఈ కటకాన్నే తీయాలి. అతనికి ఆ కాగితంతో పని పడుతుంది.

పిల్లల సంగతి ఎవరికీ తట్టదు. ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పరిశోధకులు మహబూబ్‌నగర్ పల్లెల్లో 7 నుంచి 15 ఏళ్ల పిల్లలను నాలుగు వేల మందికి పైగా పరీక్షించి, 2002లో ప్రచురించిన లెక్కలో 4.1 శాతం మందికి హ్రస్వదృష్టి ఉందన్నారు. ఢిల్లీ నగరంలో అదే కాలంలో చేసిన అధ్యయనంలో అది 7.4. ఆరుబయట గడిపే సమయం తగ్గేకొద్దీ ఈ సమస్య పెరుగుతుందని ఆ తర్వాతి పరిశోధనలు తేల్చాయి. తల్లిదండ్రుల సైటు పిల్లలకు దిగే అవకాశం ఐసీఎల్‌తో తగ్గదు. ఇంట్లో ఎవరికీ అద్దాలు కనిపించకపోతే, బడిలో బోర్డు ఆనక ముందు బెంచీకి జరిగే పిల్లను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలని తట్టడం ఆలస్యమవుతుంది.