మిలిటరీ వైకల్య పెన్షన్: లెక్క ఎలా కడతారు?

మన హాస్టళ్లలో ఆర్మీ ర్యాలీ కోసం తెల్లవారుజామునే లేచి పరుగెత్తని వాళ్లు తక్కువ. అన్నో, బాబాయో, మేనమామో మిలిటరీలో ఉన్న ఇళ్లు చాలానే ఉన్నాయి. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. అంతెందుకు, బాబాసాహెబ్ పుట్టింది కూడా మౌ కంటోన్మెంటులో, సుబేదారు రాంజీ ఇంట్లోనే. ఉద్యోగం ఎలా సంపాదించాలో మనకు బాగా తెలుసు. 1600 మీటర్లు ఎంతసేపట్లో పరుగెత్తాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాం. కానీ గాయంతోనో, జబ్బుతోనో మధ్యలోనే ఇంటికి పంపేస్తే ఏం వస్తుందని అడిగితే మాత్రం నోరు మెదపం.

మా ఇళ్లలో డిగ్రీ దాటి చదివింది మేమే మొదలు. అందుకని సెలవులకు ఊరెళ్తే వీధిలో ఎవరికి ఏ ఇంగ్లీషు కాగితం వచ్చినా ముందు మా చేతికే ఇస్తారు. అలా వచ్చినవాటిలో మెడికల్ బోర్డు కాగితాలూ, పెన్షన్ ఆర్డర్లూ ఉన్నాయి. వాటిని అర్థం చేసుకోవడానికి మేము చదివినదంతా ఇక్కడ పెడుతున్నాం.

వైకల్య పెన్షన్‌లో రెండు భాగాలుంటాయి. ఒకటి సర్వీస్ ఎలిమెంట్, రెండోది డిసెబిలిటీ ఎలిమెంట్. వైకల్యం వల్ల సర్వీసు నుంచి పంపేసిన వాళ్లకు సర్వీస్ ఎలిమెంట్ చివరి జీతంలో సగం. దీనికి ఇన్నేళ్లు పనిచేసి ఉండాలన్న షరతు లేదు. డిసెబిలిటీ ఎలిమెంట్ నూరు శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం. వైకల్యం తగ్గేకొద్దీ అదీ ఆ నిష్పత్తిలో తగ్గుతుంది. ఇక్కడ జీతం అంటే చేతికి వచ్చిన మొత్తం కాదు, మూల వేతనం, దానికి మిలిటరీ సర్వీస్ పే కలిపిన మొత్తం.

ఏడేళ్లు పనిచేసిన ఒక సిపాయిని ఊహించుకుందాం. మూల వేతనం 26,800 రూపాయలు, సర్వీస్ పే 5,200. మొత్తం 32,000. మోకాలు దెబ్బతిని బోర్డు 30 శాతం వైకల్యం రాసింది. సర్వీస్ ఎలిమెంట్ 16,000. నూరు శాతానికి డిసెబిలిటీ ఎలిమెంట్ 9,600 కాబట్టి 30 శాతానికి 2,880 అని మనం లెక్క వేస్తాం. అసలు లెక్క అది కాదు. 1996 జనవరి 1 నుంచి వర్తించేలా 2001లో రక్షణ శాఖ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఇలా పంపేసిన వాళ్లకు 50 లోపు ఎంత ఉన్నా 50గా, 50 నుంచి 75 వరకు 75గా, 76 నుంచి పైన 100గా లెక్కగట్టాలి. దీన్నే బ్రాడ్ బ్యాండింగ్ అంటారు. అంటే మన సిపాయికి రావలసింది 4,800. తేడా నెలకు 1,920, ఏడాదికి 23,040 రూపాయలు! మొత్తం పెన్షన్ 20,800, దానిపై కరువు భృతి అదనం.

అదే మోకాలు యుద్ధంలో దెబ్బతింటే లెక్క వేరు. దాన్ని వార్ ఇంజురీ పెన్షన్ అంటారు. అందులో నూరు శాతానికి 30 శాతం కాదు, చివరి జీతమంతా లెక్కలోకి వస్తుంది. 50 శాతంగా లెక్కిస్తే 16,000, సర్వీస్ ఎలిమెంట్ మరో 16,000. వెరసి 32,000.

ఇంతవరకు అంకెల సంగతి. మా ఉద్దేశంలో అసలు మెలిక అంకెల్లో లేదు, బోర్డు కాగితంలోని ఒక గడిలో ఉంది. వైకల్యం సర్వీసు వల్ల కలిగిందా, లేక ముందే ఉన్నది సర్వీసు వల్ల ముదిరిందా అని అక్కడ రాస్తారు. ఇంగ్లీషులో అట్రిబ్యూటబుల్, అగ్రవేటెడ్ అనే మాటలుంటాయి. రెండింటిలో ఒకదానికి అవునని ఉంటే పై లెక్కంతా వర్తిస్తుంది. రెండింటికీ కాదని రాస్తే శాతం ఎంత ఉన్నా డిసెబిలిటీ ఎలిమెంట్ రాదు. పదేళ్లు నిండని వాళ్లకు ఒకప్పుడు గ్రాట్యుటీ మాత్రమే ఒకేసారి చేతిలో పెట్టి పంపేవారు. 2020 జులైలో ఇచ్చిన ఉత్తర్వుతో, బయట ఏ ఉద్యోగానికీ పనికిరానంతగా దెబ్బతిన్నవాళ్లకు పదేళ్లు నిండకపోయినా ఇన్వాలిడ్ పెన్షన్ దక్కుతోంది. కానీ మన సిపాయి వంటి మోకాలి వాళ్లకు అది అందడం కష్టం.

ఈ గడి మీద సుప్రీంకోర్టు దాకా పోరాడినవారు ధరమ్‌వీర్ సింగ్. 1985లో సిగ్నల్స్ విభాగంలో సిపాయిగా చేరారు. సుమారు తొమ్మిదేళ్లకు మూర్ఛ వ్యాధి ఉందని 20 శాతం వైకల్యంతో పంపేశారు. జబ్బుకూ సర్వీసుకూ సంబంధం లేదని పెన్షన్ నిరాకరించారు. 2013 జులై 2న సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. చేరేటప్పుడు చేసిన వైద్య పరీక్షలో ఆ జబ్బు ఉన్నట్టు రాయకపోతే అది సర్వీసులో వచ్చినట్టే భావించాలి, కాదని నిరూపించే బాధ్యత సైన్యానిదే, సిపాయిది కాదు అంది. ఎంత సూటి మాట! అయితే నిబంధనలు 2008లో ఒకసారి, 2023 సెప్టెంబరు 21న మరోసారి మారాయి. కాబట్టి కాగితం పట్టుకోగానే ముందు చూడవలసింది బయటకు వచ్చిన తేదీ. ఆ నాటికి ఏ నిబంధనలు ఉన్నాయో అవే ఆ కేసుకు వర్తిస్తాయి.

ఇప్పుడు ర్యాలీకి వెళ్తున్న తమ్ముళ్లు మరింత జాగ్రత్తగా చదవవలసిన సంగతి ఒకటుంది. 2022లో వచ్చిన అగ్నిపథ్ కింద చేరినవాళ్లకు నెలనెలా పెన్షన్ లేదు. సర్వీసు వల్ల వైకల్యం వస్తే ఒకేసారి పరిహారం ఇస్తారు. 100 శాతానికి 44 లక్షలు, 75కు 25 లక్షలు, 50కి 15 లక్షలు. మిగిలిన కాలానికి జీతం, సేవా నిధి కూడా కలుస్తాయి. 15 లక్షలంటే పెద్ద మొత్తమే అనిపిస్తుంది. పైన చూసిన సిపాయి పెన్షన్ ఏడాదికి 2,49,600. కరువు భృతిని పక్కన పెట్టినా 15 లక్షలు ఆరేళ్ల పెన్షన్‌తో సమానం. కాలు దెబ్బతిన్న కుర్రాడికి అప్పటికి ముప్పై కూడా నిండవు. చేరవద్దని మేము అనడం లేదు. లెక్క తెలుసుకుని చేరమంటున్నాం.

కాగితంలో కాదని వస్తే అక్కడితో ఆగిపోనక్కర లేదు. ఆరు నెలల్లోగా మొదటి అప్పీలు చేసుకోవచ్చు, అదీ తిరస్కరిస్తే రెండో అప్పీలు ఉంది. ఆ తర్వాత సాయుధ దళాల ట్రిబ్యునల్. మన రెండు రాష్ట్రాలకూ చెన్నై బెంచి. బోర్డు నివేదిక చేతిలో లేకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద నకలు అడగవచ్చు. దరఖాస్తు రాయడంలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం సాయం చేస్తుంది. మీ ఇంట్లో ఇలాంటి కాగితాలుంటే సెలవులయ్యాక వచ్చేటప్పుడు జిరాక్సు తెండి, కలిసి చదువుదాం. ఒరిజినల్ మాత్రం బస్సులో తీసుకురావద్దు. డిశ్చార్జి బుక్కు అసలే వద్దు.