కోట్లలో అంకె విలువ ఎంత?

ఉన్నవి పది అంకెలే. వాటితోనే ఎంత పెద్ద సంఖ్యనైనా రాయగలుగుతున్నామంటే కారణం స్థాన విలువ. కుడి నుంచి ఎడమకు ఒక్కో స్థానం జరిగేకొద్దీ అంకె విలువ పది రెట్లవుతుంది: ఒకట్లు, పదులు, వందలు, వేలు, పదివేలు, లక్షలు, పదిలక్షలు, కోట్లు. ఈ వరుసను గడగడా ఒప్పజెప్పే పిల్లలు కూడా పెద్ద సంఖ్య కనబడగానే తడబడతారు. నిజమైన లెక్క ఒకటి ముందుంచి నేర్పితే విషయం తేలిగ్గా పట్టుబడుతుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 8,45,80,777. ఇందులో 8 రెండుచోట్ల ఉంది. రెండింటి ముఖ విలువ, అంటే అంకె సొంత విలువ, ఒకటే. స్థాన విలువ చూస్తే మొదటిది ఎనిమిది కోట్లు, రెండోది ఎనభై వేలు. అంటే వెయ్యి రెట్ల తేడా. వేల స్థానంలో సున్నా ఉంది. విలువ లేదు కదా అని దాన్ని వదిలేస్తే ఎడమనున్న అంకెలన్నీ ఒక స్థానం కిందికి దిగి, సంఖ్య 84,58,777 అయిపోతుంది.

విని రాసేటప్పుడు ఈ సున్నాలే జారిపోతాయి. ‘మూడు కోట్ల ఐదు లక్షల ఏడు’ అంటే చాలామంది పిల్లలు 357 అని రాస్తారు, ఎందుకంటే మాటల్లో సున్నా వినిపించదు. కోట్లకు ఒక గడి, లక్షలకు రెండు, వేలకు రెండు, చివర మూడు గళ్లు గీయించి, ఖాళీ గళ్లను సున్నాలతో నింపమంటే 3,05,00,007 దానంతటదే వస్తుంది. అంతర్జాతీయ పద్ధతిలో కామాలు మూడేసి అంకెలకు పడతాయి: పై జనాభా సంఖ్య 84,580,777 అవుతుంది. అంకెలు మారవు, విలువా మారదు. చదవడం మాత్రం ‘84 మిలియన్ల 580 వేల 777’ అవుతుంది. పది లక్షలు ఒక మిలియన్.

స్థాన విలువ తెలిస్తేనే సంఖ్యను దగ్గరి లక్షకో, కోటికో సవరించడం వస్తుంది. ఏ స్థానానికి సవరించాలో దానికి వెంటనే కుడిపక్కనున్న అంకెను చూడాలి. అది 5 కంటే తక్కువైతే ఆ స్థానంలోని అంకెను అలాగే ఉంచాలి. 5 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే ఒకటి కలపాలి. కుడివైపు మిగిలినవన్నీ సున్నాలు. అలా మన జనాభా సంఖ్య సమీప లక్షకు 8,46,00,000, సమీప పది లక్షలకు 8,50,00,000, సమీప కోటికి 8,00,00,000 అవుతుంది.

ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. మొదట లక్షకు, ఆ జవాబును పది లక్షలకు, దాన్ని మళ్లీ కోటికి సవరిస్తే తొమ్మిది కోట్లు వస్తుంది. అది తప్పు. ఎనిమిది, తొమ్మిది కోట్లకు సరిగ్గా మధ్య ఉన్నది ఎనిమిదిన్నర కోట్లు. అసలు సంఖ్య దానికి 4,19,223 తక్కువ కాబట్టి ఎనిమిది కోట్లకే దగ్గర. సంఖ్యారేఖ గీసి చూపిస్తే పిల్లలకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఎన్నిసార్లు సవరించినా ప్రతిసారీ అసలు సంఖ్య నుంచే మొదలుపెట్టాలి.

జనాభా, బడ్జెట్, దూరాల వంటి పరిమాణాలను సవరించి చెప్పుకోవచ్చు. పది అంకెల ఫోన్ నంబరు, పన్నెండు అంకెల ఆధార్ సంఖ్య పరిమాణాలు కావు. వాటిని సవరించడానికి అర్థమే లేదు. ఎక్కడ సవరించవచ్చో, ఎక్కడ కూడదో తెలుసుకోవడం కూడా ఈ పాఠంలో భాగమే.