నలుగురిలో నిలబడి చెప్పటం ఎలా?

పిల్లలూ! "రేపు సోమవారం నువ్వు తరగతి ముందు నిలబడి అయిదు నిమిషాలు మాట్లాడాలి" అని మాస్టారు చెప్పగానే మీకేమవుతుంది? గుండె దడదడ కొట్టుకుంటుంది గదూ? అన్నం సహించదు. ఆ సోమవారం నాడు జ్వరం వస్తే బాగుండునని కూడా కొందరు అనుకుంటారు. ముప్ఫై ఏళ్ళకు పైగా బడిలో పనిచేసినవాణ్ణి, ఆ సంగతి నాకు తెలియకపోలేదు.

ఈ భయం పోగొట్టే ఉపాయం చెప్పేముందు, నేను చేసిన ఒక తప్పు మీకు చెప్పాలి.

నేను ఉపాధ్యాయుడిగా కొత్తగా చేరిన రోజులవి. బడి వార్షికోత్సవంలో ఒక పిల్లవాడిచేత ఉపన్యాసం ఇప్పించాలని నాకు సరదా పుట్టింది. నాలుగు పేజీల ఉపన్యాసం నేనే రాశాను. అందులో ఎన్ని పెద్దపెద్ద మాటలున్నాయో! వాడు పాపం పది రోజులు కూర్చుని దాన్ని బట్టీ పట్టాడు. ఆ రోజు వేదిక ఎక్కి గడగడా నాలుగు వాక్యాలు చెప్పాడు. అయిదో వాక్యంలో ఒక్క మాట గుర్తు రాలేదు. అంతే! ఆ మాట వెనక ఉన్న మాటలన్నీ దానితోపాటే పోయినై. వాడు నిలబడిపోయాడు. ముందు వరసలో ఎవరో నవ్వారు. వాడు ఏడుస్తూ దిగిపోయాడు.

వాడి తండ్రి పల్లెలో మోటార్లు, పంపుసెట్లు బాగుచేసేవాడు. వారం తరవాత బడికి వచ్చి నాతో, "మావాడు ఇంజను సంగతి ఎత్తితే గంటసేపు చెప్పేవాడండి, మాస్టారూ! ఇప్పుడు ఇంట్లోకూడా నోరు విప్పటంలేదు," అన్నాడు.

ఆయన నన్ను తిట్టినా అంత బాధపడేవాణ్ణి కాను. ఆ పిల్లవాడికి మాట్లాడటం రాకపోవటమేమిటి? వచ్చు. నేను వాడి మాటలు లాక్కుని నా మాటలు వాడి నోట్లో పెట్టాను. పంపు నీళ్ళను ఎలా పైకి లాగుతుందో చెప్పమని ఉంటే, వాడు నవ్వుతూ చెప్పి దిగేవాడు.

చాలా ఏళ్ళకు నేను హెడ్మాస్టరునయినాను. ఒకనాడు ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె నా గదికి వచ్చింది. రెండు వారాల తరవాత ఆమె 'దోమ' గురించి తరగతిలో మాట్లాడాలి. చేతిలో నాలుగు పేజీల వ్యాసం ఉన్నది. దోమల్లో రకాలెన్ని, దోమకు కాళ్ళెన్ని, దోమ బరువెంత – అన్నీ ఎక్కించింది.

"ఏమ్మా, ఇదంతా విని నీ స్నేహితురాలు ఇంటికి వెళుతుంది. వాళ్ళమ్మ, 'ఇవాళ బడిలో ఏం విన్నావే?' అని అడుగుతుంది. ఆ పిల్ల ఏం చెప్పాలని నీ కోరిక?" అన్నాను.

ఆ అమ్మాయి చాలాసేపు ఆలోచించింది. చివరకు, "కిందటేడు మా తమ్ముడికి చలిజ్వరం వచ్చిందండి. మలేరియా అన్నారు. ఆసుపత్రినుంచి వచ్చిన ఆయన మా పెరట్లో తొట్టి చూసి, 'ఈ నీళ్ళు పారబొయ్యండి, దోమలు పుట్టేది ఇందులోనే' అన్నాడండి. ఆ సంగతి మాకెవరికీ తెలీదు," అన్నది.

"ఇదీ నీ ఉపన్యాసం! 'నిలవనీళ్ళను వారానికొకసారి పారబోస్తే దోమ పుట్టదు.' ఈ ఒక్క వాక్యం పుస్తకంలో పైన రాసుకో. ఆ మాటను బలపరిచే సంగతి ఉంచు. బలపరచనిది ఎంత వింతదైనా తీసెయ్యి," అన్నాను.

నాలుగు పేజీల్లో మూడు పేజీలు అక్కడే పోయినై! పిల్లలూ, ఉపన్యాసం తయారుచెయ్యటంలో ఇది మొదటి మెట్టు. "నాకేం తెలుసు?" అని కాదు, "వినేవాడు ఏం పట్టుకుని ఇంటికి వెళ్ళాలి?" అని ప్రశ్నించుకోవాలి.

రెండో మెట్టు, సంగతులు కూర్చుకోవటం. ఇందుకు మూడు దారులున్నాయి: చూడటం, అడగటం, చదవటం. ఆ అమ్మాయి తొట్టిలో గిలగిల కొట్టుకుంటున్న సన్నని పురుగులను నీళ్ళతోసహా ఒక గాజుసీసాలో పోసి, మూతికి పలచని గుడ్డ కట్టి, రోజూ చూసింది. అవి గాలి పీల్చటానికి మాటిమాటికీ నీటిపైకి వచ్చేవి. కొన్నాళ్ళకు కామా గుర్తులాగా వంకర తిరిగినై. ఆరో రోజు పొద్దున సీసాలో దోమ కనిపించింది! గుడ్డ విప్పకుండానే సీసాను సబ్బునీళ్ళ బకెట్లో ముంచేసింది. ఆ తరవాత ఆసుపత్రి ఆయనను అడిగింది. సైన్సు పుస్తకం చదివింది. గుడ్డు, లార్వా, ప్యూపా, దోమ – ఈ నాలుగు దశలూ గడవటానికి ఎండ వేడినిబట్టి సుమారు 7 నుంచి 14 రోజులు పడుతుందని తెలుసుకున్నది.

మూడో మెట్టు, ఆ సంగతులను వరసలో పెట్టటం. ఆ అమ్మాయి పోస్టుకార్డంత చీటీమీద వేసుకున్న పట్టిక ఇది:

చెప్పవలసిన ఒక్క మాట: నిలవనీళ్ళను వారానికొకసారి పారబోస్తే దోమ పుట్టదు.

మొదలు (అర నిమిషం): తమ్ముడి చలిజ్వరం.

1. జ్వరం తెచ్చేది దోమేనని ఎలా తెలిసింది? (1 నిమిషం) – సికిందరాబాదు – రోనాల్డు రాస్ – 1897 ఆగస్టు 20 – దోమకు అణా.

2. దోమ ఎక్కడ, ఎన్నాళ్ళలో పుడుతుంది? (ఒకటిన్నర నిమిషం) – నాలుగు దశలు – సీసాలో చూసింది – 7 నుంచి 14 రోజులు.

3. మనమేం చెయ్యాలి? (ఒకటిన్నర నిమిషం) – తొట్టి, టైరు, కొబ్బరిచిప్ప, పూలకుండీ పళ్ళెం, కూలరు.

ముగింపు (అర నిమిషం): ఇవాళ ఇంటికి వెళ్ళి ఏం చూడాలి?

చూశారా? వాక్యాలు లేవు. మాటలే ఉన్నాయి. 'దోమకు అణా' అన్న మాట కనపడగానే ఆ అమ్మాయికి కథంతా గుర్తుకు వస్తుంది. ఆ కథ ఏమిటంటే: పూర్వం మలేరియా చెడుగాలివల్ల వస్తుందనుకునేవారు. ఇటలీ భాషలో ఆ పేరుకు అర్థమే చెడుగాలి. 1880లో లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు రోగి నెత్తురులో ఆ జ్వరపు సూక్ష్మజీవిని కనిపెట్టాడు. కాని అది మనిషిలోకి ఎలా వస్తుంది? సైన్యంలో డాక్టరయిన రోనాల్డు రాస్ ఈ ప్రశ్న పట్టుకున్నాడు. హుసేన్ ఖాన్ అనే రోగిని దోమలు కుట్టనిచ్చినందుకు దోమకు ఒక అణా చొప్పున ఇచ్చి, ఆ దోమలను సూక్ష్మదర్శినికింద కోసి చూశాడు. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో, దోమ కడుపు గోడలో ఆ సూక్ష్మజీవి కనిపించింది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇదంతా రాసుకుంటే ఒక పేజీ. గుర్తుకు కావలిసింది రెండు మాటలు!

నాలుగో మెట్టు, అభ్యాసం. బట్టీ పట్టకూడదు. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం నోటికి వచ్చి ఉండాలి. మధ్యదంతా చీటీ చూసుకుంటూ రోజుకు ఒక విధంగా చెప్పినా ఫరవాలేదు. గడియారం పెట్టుకుని పైకి చెప్పాలి. మనసులో చెప్పుకుంటే కాలం తెలియదు. ఇంట్లో ఒకరిని కూర్చోబెట్టి చెప్పాలి.

ఆ అమ్మాయి వాళ్ళ నాయనమ్మకు చెప్పింది. నాయనమ్మ అంతా విని, "ఇవాళ పారబోస్తే, రేపు మళ్ళీ వచ్చి గుడ్లు పెట్టదుటే?" అని అడిగింది. అమ్మాయి తెల్లబోయింది. తన ఉపన్యాసంలో అసలైన ముడి విప్పనేలేదు! మర్నాడు నా దగ్గరికి పరుగెత్తుకు వచ్చింది. ఇద్దరం కలిసి పుస్తకం చూశాం. రేపు పెట్టిన గుడ్డుకూడా దోమ కావటానికి కనీసం వారం కావాలి. ఆ లోపల మళ్ళీ పారబోస్తే అదీ పోతుంది. అందుకే "వారానికొకసారి" అంటారు. మరొకటి: డెంగీ తెచ్చే ఏడిస్ దోమ నీటి అంచున తొట్టిగోడకు గుడ్లు అంటిస్తుంది. అవి ఎండిపోయికూడా నెలల తరబడి బతికి ఉంటై. కనక నీళ్ళు పారబొయ్యటంతో సరిపోదు, గోడలు రుద్ది కడగాలి. ఈ రెండు సంగతులూ మూడో అంశంలో చేరినై.

చెప్పవలసిన రోజు వచ్చింది. నేను వెనక బల్లమీద కూర్చున్నాను. నిజం చెప్పాలంటే, ఆ అమ్మాయికంటె నాకే ఎక్కువ భయం వేసింది. రెండో అంశం మధ్యలో ఆమె ఆగిపోయింది. నాకు ఆ పాత వేదిక కళ్ళముందు కనపడింది. ఆమె నిదానంగా చీటీ వంక చూసి, తలెత్తి, "అప్పుడు సీసాలో ఏం కనపడిందో చెబుతాను," అన్నది. ఒక్కరూ నవ్వలేదు. అందరూ మెడలు చాచి విన్నారు.

అయిపోయాక ఒక కుర్రవాడు లేచి, "బావిలో నీళ్ళు పారబొయ్యలేం గదా?" అన్నాడు. ఆమె, "నాకు తెలీదు. కనుక్కుని రేపు చెబుతాను," అన్నది. చూశారా, తెలియనిది తెలియదనటంలో చిన్నతనం లేదు. మర్నాడు వచ్చి, బావుల్లో గంబూసియా చేపలను వదులుతారనీ, అవి లార్వాలను తినేస్తాయనీ చెప్పింది. ఆ శుక్రవారం సాయంత్రం బడి సైకిళ్ళ పాకవెనక పడి ఉన్న పాత టైర్లలో నీళ్ళను పిల్లలే ఒంపేశారు. వాళ్ళకు ఎవరూ ఆ పని చెప్పలేదు.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. మీ పిల్లలకు ఉపన్యాసం రాసి ఇవ్వకండి. నేను అలా రాసి ఇచ్చి ఒక పిల్లవాడి నోరు కట్టేశాను. దానికి బదులు వాళ్ళ ఎదుట కూర్చుని వినండి. అర్థం కానిచోట ఆ నాయనమ్మలాగా ఒక్క ప్రశ్న అడగండి. అంతకంటె పెద్ద సహాయం లేదు.

పిల్లలూ! మీకు బాగా తెలిసిన పని ఒకటి ఎంచుకోండి – పాలు తోడు పెట్టటం కావచ్చు, సైకిలు ట్యూబుకు పంక్చరు వెయ్యటం కావచ్చు. పైన ఒక్క వాక్యం, కింద మూడు అంశాలు రాసుకుని, ఈ రాత్రి భోజనాలయాక ఇంట్లోవాళ్ళకు చెప్పి చూడండి. మాటలు మీవైతే, మధ్యలో ఒకటి తప్పిపోయినా మరొకటి దానంతటదే వస్తుంది.