పిల్లల కేసుల డాష్‌బోర్డులో కనబడాల్సింది రోజుల లెక్క

పదహారేళ్ల కుర్రాడు చిన్న దొంగతనం కేసులో పట్టుబడ్డాడనుకోండి. 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం ప్రకారం, ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా అతణ్ణి బోర్డు ముందుకు తేవాలి. 15 రోజుల్లో ప్రొబేషన్ ఆఫీసర్ అతని ఇంటి పరిస్థితులపై రిపోర్టు ఇవ్వాలి. నాలుగు నెలల్లో విచారణ ముగియాలి, లేదంటే కారణం రాసి ఇంకో రెండు నెలలు. అప్పటికీ తేలకపోతే, ఇలాంటి చిన్న నేరాల్లో కేసు అక్కడితో ఆగిపోతుంది.

మరి గడువు దాటిందని ఎవరికి తెలుస్తుంది? ఇక్కడే డాష్‌బోర్డు పనికొస్తుంది.

కిరాణా కొట్టు ఉద్దర ఖాతా గుర్తు తెచ్చుకోండి. మొత్తం బాకీ ఎంతో తెలిస్తే చాలదు, ఏ బాకీ ఎన్నాళ్లుగా ఉందో చూడాలి. బీకాంలో దీన్నే ఏజింగ్ అంటారు. కేసులకూ అంతే. మొదటి హాజరు తేదీ, రిపోర్టు వచ్చిందా లేదా, ఎందుకు వాయిదా పడింది, పిల్లాడు ఇంట్లో ఉన్నాడా అబ్జర్వేషన్ హోంలోనా: ఇవి ఎక్కించాలి. మూడు నెలలు దాటితే పసుపు, నాలుగు దాటితే ఎరుపు. మూడు నెలలకోసారి పెండింగ్ కేసులు చూడాల్సిన చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేట్‌కు ఎరుపు గళ్లు చాలు.

ఒక జాగ్రత్త. పిల్లల పేరు, ఊరు, స్కూలు బయటపెట్టడాన్ని సెక్షన్ 74 నిషేధిస్తోంది. బస్తీలో ఉన్నది ఒక్క కేసే అయితే అంకె చూసినా ఎవరో తెలిసిపోతుంది. అందుకే జనానికి జిల్లా లెక్కే చూపించాలి.

అమ్మీ అబ్బాలు మాత్రం మొదటి హాజరు తేదీ రాసిపెట్టుకోండి. నాలుగు నెలలు దాటితే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచితంగా వకీల్‌ను అడగొచ్చు.