20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్‌తో 5,000 ఎంఏహెచ్ ఫోన్ నాలుగుసార్లు ఎందుకు నిండదు? లెక్క ఇదీ!

"అన్నా, నీ మాట నమ్మి కొన్నా. నాలుగుసార్లు ఫుల్ అవుతుందన్నావ్, రెండున్నర సార్లకే ఖాళీ అయిపోయింది!"

హాస్టల్ నుంచి మా తమ్ముడి ఫోన్. వాడి పవర్ బ్యాంక్ 20,000 ఎంఏహెచ్, ఫోన్ బ్యాటరీ 5,000. భాగించేసి నాలుగు అని చెప్పింది నేనే. రిటర్న్‌కు ఇంకా మూడు రోజులే గడువు. ఆదివారం వాడు ఇంటికొస్తే, డూప్లికేటో కాదో తేల్చేద్దామని టెస్టుకు కూర్చున్నా.

ఎంఏహెచ్ అంటే ఏంటి?

స్కూల్ ఫిజిక్స్ ఫార్ములా గుర్తుందా? విద్యుదావేశం = కరెంట్ × సమయం. ఒక ఆంపియర్ కరెంట్ ఒక సెకను ప్రవహిస్తే ఒక కూలుంబ్. ఒక మిల్లీ ఆంపియర్ గంటపాటు ప్రవహిస్తే ఒక ఎంఏహెచ్, అంటే 0.001 × 3,600 = 3.6 కూలుంబులు. కాబట్టి ఎంఏహెచ్ చెప్పేది ఆవేశం ఎంతో మాత్రమే, శక్తి ఎంతో కాదు. నేను పప్పులో కాలేసింది ఇక్కడే.

టెస్ట్ ఇలా చేశా

పవర్ బ్యాంక్‌ను ఫుల్ ఛార్జ్ చేసి, యూఎస్‌బీ మీటర్, లోడ్ తగిలించా. 5 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు స్థిరంగా లాగేలా సెట్ చేశా. 6 గంటలకు ఆగిపోయింది.

- ఆవేశం: 2 × 6 = 12 ఆంపియర్ అవర్, అంటే 12,000 ఎంఏహెచ్
- కూలుంబుల్లో: 2 × 21,600 = 43,200

మిగతా 8,000 ఎటు పోయింది?

ఎక్కువ భాగం ఎటూ పోలేదు. 20,000 అనేది లోపలి సెల్స్ లెక్క. వాటి సగటు వోల్టేజ్ 3.7. శక్తి 20 × 3.7 = 74 వాట్ అవర్. పోర్ట్ ఇచ్చేది 5 వోల్టులు. వోల్టేజ్ పెరిగితే అదే శక్తికి ఆంపియర్లు తగ్గాలి కదా. 74 ÷ 5 = 14.8. అంటే నష్టం అసలు లేకపోయినా 14,800 ఎంఏహెచ్ మించి రాదు. నాకు వచ్చింది 12 × 5 = 60 వాట్ అవర్, దాదాపు 81 శాతం. మిగతాది ఎక్కువగా వేడి రూపంలో పోయింది.

తమ్ముడి ఫోన్ బ్యాటరీ 3.85 వోల్టులది, అంటే సుమారు 19 వాట్ అవర్. 60లో మూడుసార్లు రావాలి. కానీ కేబుల్‌లో, ఫోన్ ఛార్జింగ్ సర్క్యూట్‌లో కొంత పోతుంది. పైగా మావాడు వీడియోలు చూస్తూనే ఛార్జింగ్ పెడతాడు. రెండున్నర సార్లు రావడంలో వింతేమీ లేదు.

ఇన్వర్టర్‌తో పోల్చి చూడండి

ఇంట్లో ఉండే 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీలో 5,40,000 కూలుంబులు. ఆవేశం చూస్తే మన పవర్ బ్యాంక్‌కు ఏడున్నర రెట్లే. కానీ అది 12 వోల్టులది కాబట్టి శక్తి 1,800 వాట్ అవర్, ఏకంగా 24 రెట్లు!

కొనేటప్పుడు ఏం చూడాలి?

ముందువైపు పెద్ద అంకెను వదిలేయండి. వెనక చిన్న అక్షరాల్లో ఉండే వాట్ అవర్, రేటెడ్ కెపాసిటీ చూడండి. తమ్ముడి పవర్ బ్యాంక్ వెనక కూడా "5 వోల్టుల వద్ద 12,000 ఎంఏహెచ్" అని ఉంది, ముందే చదవాల్సింది. రిటర్న్ పెట్టలేదు. తప్పు దానిది కాదు, నా లెక్కది. తమ్ముడికి సారీ చెప్పా, బిర్యానీతో సరిపెట్టుకున్నాడు.