నర్సింగ్ పట్టా ఒక్కటే చాలదు.. చేరే ముందే ఆరా తీయాలి

ఇంటర్మీడియట్ బైపీసీ పూర్తిచేసి బీఎస్సీ నర్సింగ్‌లో చేరగోరే విద్యార్థులు సీటు వచ్చిందన్న సంతోషంలో కళాశాల స్థితిగతులను విస్మరించరాదు. నాలుగేళ్ల కాలం, తల్లిదండ్రుల కష్టార్జితం ఈ నిర్ణయంతో ముడిపడి ఉన్నాయి.

అర్హతలు ఇవీ..

ఆంధ్రప్రదేశ్‌లోని నర్సింగ్ కళాశాలలు విజయవాడలో 1986లో ఏర్పాటైన ఆరోగ్య విశ్వవిద్యాలయానికి, తెలంగాణలోనివి వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్నాయి. అభ్యర్థులకు 17 ఏళ్లు నిండాలి. భౌతిక, రసాయన, జీవశాస్త్రాల్లో కలిపి 45 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులు, ఆంగ్లంలో ఉత్తీర్ణత తప్పనిసరి. భారత నర్సింగ్ మండలి 2021లో సెమిస్టర్ విధానాన్ని ప్రవేశపెట్టింది. మొత్తం ఎనిమిది సెమిస్టర్లలో చివరిది ఇంటర్న్‌షిప్‌నకు కేటాయించారు.

ఆసుపత్రి ఉందా?

ఈ కోర్సు నిర్వహించే కళాశాలకు కనీసం వంద పడకల మాతృ ఆసుపత్రి ఉండాలన్నది మండలి నిబంధన. రోగులు లేని ఆసుపత్రిలో శిక్షణ పొందిన విద్యార్థినికి సూది మందు ఇవ్వడం మొదలు కాన్పు వరకు అనుభవం కొరవడుతుంది. ఆ లోటు ఉద్యోగంలో చేరాక బయటపడుతుంది.

మహిళలే అధికం

ప్రపంచంలో సుమారు 2.98 కోట్ల మంది నర్సులుండగా, వారిలో 85 శాతం మహిళలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక వెల్లడించింది. ఇంకా 58 లక్షల మంది కొరత ఉన్నట్లు అందులో పేర్కొంది. పురుషులూ ఈ కోర్సుకు అర్హులే. అయితే ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల్లో 80 శాతం మహిళలకు, 20 శాతం పురుషులకు కేటాయించాలని 2019లో నిర్ణయించారు.

పట్టా తర్వాత..

పట్టా పొందినవారు రాష్ట్ర నర్సింగ్ మండలిలో పేరు నమోదు చేయించుకుంటేనే వృత్తికి అర్హులవుతారు. ఎయిమ్స్ నియామక పరీక్ష నార్‌సెట్‌కు బీఎస్సీ అభ్యర్థులు అనుభవం లేకున్నా హాజరు కావచ్చు. జీఎన్ఎం చదివినవారికి మాత్రం యాభై పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలి. ఎంపికైనవారి మూలవేతనం ఏడో వేతన సంఘం ప్రకారం రూ.44,900 నుంచి ఆరంభమవుతుంది.

ప్రైవేటు రంగంలో పరిస్థితి వేరు. సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు 2016లో ఏర్పాటైన నిపుణుల కమిటీ, యాభై పడకల లోపు ఆసుపత్రుల్లోనూ నర్సులకు నెలకు రూ.20 వేలకు తగ్గరాదని, 200 పడకలు దాటినచోట ప్రభుత్వ నర్సులతో సమానంగా చెల్లించాలని సిఫార్సు చేసింది. వేతనం మాట్లాడుకునేటప్పుడు ఈ సిఫార్సులను గుర్తుంచుకోవడం మేలు. విదేశాలకు వెళ్లగోరేవారికి పట్టాతో పాటు అమెరికాకైతే ఎన్‌క్లెక్స్ పరీక్షలో ఉత్తీర్ణత, జర్మనీకైతే ఆ దేశ భాషలో ప్రావీణ్యం అవసరం.

కాబట్టి రుసుము చెల్లించే ముందే కళాశాలకు విశ్వవిద్యాలయ అనుబంధం, మండలి గుర్తింపు ఉన్నదీ లేనిదీ విచారించాలి. మాతృ ఆసుపత్రికి స్వయంగా వెళ్లి వార్డులు చూడాలి. అక్కడే చదువుతున్న సీనియర్లను అడిగితే అసలు సంగతులు తెలుస్తాయి.