ఐదు చుక్కల వెనుక ముప్పై ఏళ్లు

పసిపిల్లల ప్రాణాలు తీసే విరేచనాలకు విరుగుడు వెతకడమే జీవితంగా చేసుకున్న వైద్య పరిశోధకుడు డాక్టర్ మహారాజ్ కిషన్ భాన్. 1947లో జన్మించారు. పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో ఎంబీబీఎస్, చండీగఢ్ పీజీఐలో పిల్లల వైద్యంలో ఎండీ చేశారు. తరువాత ఢిల్లీ ఎయిమ్స్‌లో పిల్లల జీర్ణకోశ వ్యాధుల మీద దృష్టి పెట్టారు.

విరేచనాలతో ఒంట్లోంచి పోయిన నీటినీ లవణాలనూ ఓఆర్‌ఎస్ తిరిగి అందిస్తుంది, విరేచనాలను మాత్రం ఆపలేదు. జింకు ఇచ్చిన పిల్లలు త్వరగా కోలుకుంటారని భాన్ భాగస్వామిగా ఢిల్లీలో జరిగి, 1995లో వెలువడిన అధ్యయనం తేల్చింది. ఓఆర్‌ఎస్‌తో పాటు జింకు కూడా ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2004లో సిఫారసు చేశాయి.

జబ్బు చేయని వైరస్

పసిపిల్లల్లో తీవ్రమైన నీళ్ల విరేచనాలకు ప్రధాన కారణం రోటావైరస్. 1985-86లో ఎయిమ్స్‌లో పుట్టిన కొందరు శిశువుల మలంలో ఈ వైరస్ కనిపించింది, కానీ వారికి విరేచనాలు లేవు. భాన్ బృందం దీన్ని అంతటితో వదిలేయలేదు. పుట్టగానే ఈ వైరస్ సోకిన పిల్లలను ఆ తరువాత కూడా గమనిస్తూ వచ్చింది. వారికి రోటావైరస్ విరేచనాల బెడద తక్కువగా ఉన్నట్లు తేలింది. రోటావైరస్ జన్యు పదార్థం 11 ముక్కలుగా ఉంటుంది. 116ఇ అని పేరు పెట్టిన ఈ వైరస్‌లో వాటిలో ఒకటి పశువుల రోటావైరస్ నుంచి సహజంగానే వచ్చి చేరింది. జబ్బు చేయకుండా రక్షణనిచ్చే ఈ వైరసే టీకాకు ముడిసరుకైంది.

పరీక్షకు నిలిచిన టీకా

భారత, అమెరికా శాస్త్రవేత్తల సహకారంతో హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ ఈ వైరస్‌తో రోటావాక్ టీకాను తయారుచేసింది. తుది దశ ప్రయోగం ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది శిశువులపై జరిగింది. ప్రతి ముగ్గురిలో ఇద్దరికి టీకా, ఒకరికి మందులేని చుక్కలు వేశారు. ఎవరికి ఏది వేశారో తల్లిదండ్రులకూ తెలియదు, వైద్యులకూ తెలియదు. ఫలితం మీద ఎవరి ఆశలూ అంచనాలూ పడకుండా ఉండాలంటే ఈ కట్టుబాటు తప్పదు. తీవ్రమైన రోటావైరస్ విరేచనాలను టీకా తొలి ఏడాదిలో సుమారు 56 శాతం తగ్గించింది. ఆ జబ్బు లక్షలాది మంది పిల్లలను ఆసుపత్రి పాలు చేసే దేశంలో ఇది పెద్ద రక్షణే.

2004 నుంచి 2012 వరకు కేంద్ర బయోటెక్నాలజీ శాఖ కార్యదర్శిగా ఉన్న భాన్‌కు 2013లో పద్మభూషణ్ లభించింది. 2014లో టీకాకు దేశంలో అనుమతి వచ్చింది. 2016లో రోటావైరస్ టీకాను జాతీయ టీకాల కార్యక్రమంలో చేర్చినప్పుడు తొలి విడతలో అందుకున్న నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2018లో రోటావాక్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు దక్కింది. భాన్ 2020 జనవరి 26న కన్నుమూశారు. ఎయిమ్స్ పసికందుల్లో దొరికిన వైరస్ ఇప్పుడు ఆరు, పది, పద్నాలుగు వారాల వయసులో బిడ్డ నోట్లో ఐదేసి చుక్కలుగా పడుతోంది.